వాన చెప్పిన పామాయిల్ క్యాను

మా వైపు ఇప్పటికీ ఒక మాట వినబడుతుంది. "ఆ క్యాను ఉన్న ఏడు వాన ముందే తెలిసేది" అంటారు. బస్సులో పక్క సీటువాళ్లు అంటారు, సంతలో ఉల్లిగడ్డలు తూచేవాళ్లు అంటారు, నా దగ్గరే పదో తరగతి చదివి ఇప్పుడు ఎరువుల అంగడి పెట్టుకున్నవాడు కూడా అంటాడు. ఆ క్యానును తయారుచేసింది నేను. దానికి నల్లరంగు పూసింది, దాని మీద పేరు రాసింది కూడా నేనే. కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాల్సింది కూడా నేనే. ఆ క్యానుకు వాన సంగతి ఏమీ తెలియదు. వేడెక్కితే గాలి ఉబ్బుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. దానికి తెలిసింది అంతే. ఆ మాత్రం నాకూ తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. అంటే, నియామకపత్రంలో అలా ఉంది. చేసేది వేరే పని. పొద్దున పిల్లల హాజరు ఫోటో, ఆ తర్వాత మరుగుదొడ్ల ఫోటో, మధ్యాహ్నం గుడ్ల ఫోటో. బడిలో సిగ్నల్ అందదు గనక ప్రహరీ గోడ ఎక్కి ఫోన్ పైకెత్తి పంపాలి. మరుగుదొడ్డి ఫోటోలో వెలుతురు చాలలేదని ఒకసారి సంజాయిషీ అడిగారు. పాఠం చెప్పలేదని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఆ ఏడాది బడి తెరవగానే, ఇలా లాభం లేదనుకుని, ఏడో తరగతి పిల్లలతో ఒక ప్రయోగం చేయించాను. ఖాళీ నీళ్ల సీసా మూతికి ఒక బెలూన్ తొడగాలి. రెండు గిన్నెలు తీసుకుని ఒకదాంట్లో వేడినీళ్లు, ఒకదాంట్లో చల్లనీళ్లు పోయాలి. మా దగ్గర వేడినీళ్లకు పొయ్యి అక్కర్లేదు, మిద్దె మీది నల్ల ట్యాంకు కొళాయి తిప్పితే చాలు. దొరకనివి చల్లనీళ్లే. బడి వంటామె కుండలోంచి బతిమాలి తెచ్చాం. సీసాను వేడినీళ్లలో నిలబెట్టగానే, పక్కకు వాలి ఉన్న బెలూన్ మెల్లగా లేచి నిలబడింది. చల్లనీళ్లలో పెడితే మళ్లీ వాలిపోయింది.

"సార్, నిద్ర లేస్తాండాది సార్!" అని ఒక అమ్మాయి కేకపెట్టింది.

"లోపలికి గాలి యాడ్నుంచి పోయింది సార్?" అని ఇంకొకరు.

కొత్తగా గాలేమీ పోలేదని చెప్పాను. ఉన్న గాలే వేడికి ఉబ్బింది, అది ఎక్కువ చోటు అడుగుతోంది, అంతే. అందరూ వంతులవారీగా సీసాను వేడినీళ్లలో ముంచారు, చల్లనీళ్లలో ముంచారు. ఎవరి చెయ్యీ కాలలేదు, ఏదీ పగలలేదు. ఆ రోజు పాఠ్యప్రణాళికలో "ప్రమాదం లేని ప్రయోగం" అని రాసుకున్నాను. ఆ మాట వెనక్కు తీసుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

కొన్నాళ్లకు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. సీసా, బెలూన్ చూపించాను. ఆయన ముఖం చిట్లించి, "ఇది చిన్నగా ఉంది, ఫోటోలో కనపడదు. స్థానిక సమస్యకు ముడిపెట్టండి మాస్టారూ, మీకు ఇక్కడ సమస్యలకు కరువా?" అన్నాడు. తన మాటకు తనే నవ్వి, వారంలో మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

సమస్యకు ముడిపెట్టడానికి నేను పెద్దగా ఆలోచించాల్సిన పని లేకపోయింది. వంటగదిలో ఖాళీ పామాయిల్ క్యాను ఒకటి ఉంది. వేరుశనగ పండించే ఊళ్లో మేమంతా పామాయిలే తింటాం, ఆ సంగతి మరెప్పుడైనా. క్యానును కడిగి, ఎండను బాగా పీల్చుకోవాలని నల్లరంగు పూశాను. మూతికి పెద్ద బెలూన్ తొడిగి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాను. గాలి ఎక్కువ కాబట్టి ఎండలో పెడితే బెలూన్ మామిడికాయంత అయ్యేది. నీడ పడితే వాలిపోయేది. అట్ట మీద "వాన సూచిక" అని పెద్ద అక్షరాలతో రాసి తగిలించాను. "వేడి సూచిక" అని రాసి ఉంటే సరిపోయేది. కానీ అనంతపురంలో వేడిని సూచించడానికి ఒక సూచిక కావాలని ఏ అధికారి ఒప్పుకుంటాడు?

క్యానును ఊరి మధ్య రచ్చకట్ట మీద, అందరికీ కనపడేలా పెట్టాం. అధికారి వచ్చి చూశాడు. ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"దీనికి కరెంటు కావాలా?"

"అక్కర్లేదు సార్."

"గుడ్" అని క్యాను పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఆయన జీపు ఊరు దాటిందో లేదో పడమటి నుంచి ఒక మబ్బు వచ్చింది. ఎండ తగ్గింది, చల్లగాలి కొట్టింది. బెలూన్ ముడుచుకుని కిందికి వాలింది. కాసేపటికి వాన పడింది. దుమ్ము అణిగేంత వాన, అంతకు మించి లేదు. అయినా రచ్చకట్ట చుట్టూ ఉన్నవాళ్లు వాననూ చూడలేదు, మబ్బునూ చూడలేదు. క్యానును చూశారు.

"ఓయబ్బ! ముందే చెప్పేసినాది!"

"సార్, ఇన్నాళ్లూ ఈ తెలివంతా యాడ దాచిపెట్టినావు సామీ?"

నేను నోరు తెరిచాను. మబ్బు వచ్చినందువల్ల క్యాను చల్లబడింది, చల్లబడినందువల్ల గాలి ముడుచుకుంది, వానకూ క్యానుకూ సంబంధం లేదు అని చెప్పబోయాను. కానీ ఆ ఊళ్లో అన్నేళ్లుగా పనిచేస్తూ ఒక్కరోజైనా "సామీ" అనిపించుకున్నవాణ్ణి కాను. ఎవరో టీ తెచ్చి ఇచ్చారు. గ్లాసులో కాదు, కప్పులో, సాసరుతో సహా. చెప్పడానికి తెరిచిన నోటితో టీ తాగాను. నాలో కొత్తగా చేరింది ఏమీ లేదు, ఉన్న గాలే ఉబ్బింది.

ఆ రోజు నుంచి ఊళ్లో అందరూ తలెత్తి ఆకాశం చూడటం మానేశారు. మబ్బు నెత్తిమీదికి వచ్చి నిలబడినా, క్యాను దగ్గరికి పరిగెత్తి, బెలూన్ వాలిందని నిర్ధారించుకున్నాకే "మబ్బేసింది" అనేవారు. బెలూన్ వాలి వాన పడితే క్యాను చెప్పినట్టు. వాలినా పడకపోతే "వజ్రకరూరు తట్టు పడింటాది" అని సరిపెట్టుకునేవారు. రోజూ సాయంత్రం వాలుతుంది కదా అని ఒక ముసలాయన అడిగితే, "దానికి మాత్రం నిద్ర వద్దా తాతా?" అని గదమాయించారు. క్యానుకు పసుపు రాశారు, దిష్టి తగలకుండా నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. తొలకరి తర్వాత పొలాల్లో వజ్రాలు వెతుక్కునేవాళ్లు మా వైపు ఏటా వస్తారు, వాన నేలను కడిగితేనే రాయి మెరుస్తుంది గదా. వాళ్లు కూడా నాకు ఫోన్ చేసి, "సార్, గుడారం ఎప్పుడు తెచ్చుకోమంటారు?" అని అడిగేవారు. నేను గొంతు సవరించుకుని, "బెలూన్ ఇంకా నిలబడే ఉండాది, తొందరపడొద్దండి" అనేవాణ్ణి. అధికారుల భాష అంత సులువుగా వస్తుందని నాకు అంతవరకు తెలియదు.

ఇప్పుడు మా అక్క సంగతి చెప్పాలి. ఆమెను ఇచ్చింది ఆ ఊళ్లోనే. నేను మండల కేంద్రం నుంచి బండి మీద బడికి వస్తాను, మధ్యాహ్నం అన్నం అక్క ఇంట్లో. వాళ్లది మెట్ట చేను, బోరు ఎప్పుడో ఎండిపోయింది. ముందటేడు పంట చేతికి రాలేదు. వచ్చిన ఆ కాసిన్ని కాయల్లోంచి మేలైనవి ఏరి, ఇంట్లో తినకుండా, అమ్మకుండా, అక్క విత్తనానికి దాచింది. ఆ ఏడు వాళ్లకున్న విత్తనం అంతే. అది మట్టిలో పోతే మళ్లీ తెచ్చే దారి లేదు.

వేరుశనగ విత్తనం తయారుచేయడం గురించి తెలియనివాళ్లకు ఒక మాట. కాయను మిషన్లో వేస్తే గింజ పొర చిట్లుతుంది, మొలవదు. అందుకని విత్తే ముందు ఇంటింటా ఆడవాళ్లు కూర్చుని, బొటనవేలితో నొక్కి ఒక్కొక్క కాయా ఒలుస్తారు. కొన్నాళ్లకు బొటనవేళ్లు పగులుతాయి. ఒలిచాక గింజ ఎక్కువకాలం ఆగదు, రోజు గడిచేకొద్దీ మొలక సత్తువ పోతుంది. అందుకే ఒలవడం మొదలుపెట్టారంటే వాన మీద పందెం కాసినట్టే.

అక్క అప్పటికే ఒలవడం పూర్తిచేసింది. బొటనవేలికి గుడ్డ చుట్టుకుని నాకు అన్నం వడ్డించేది. వాన పడి నేల లోపలిదాకా తడిసి పదును ఎక్కితేనే విత్తాలని ఆమె పట్టు. బావకు వేరే దిగులు. పదును వాన పడిన రోజున ఊరంతా ఒకే ట్రాక్టర్ మీద పడుతుంది, మన వంతు వచ్చేలోగా పదును ఆరిపోతుంది. ముందే పొడి దుక్కిలో విత్తేస్తే, వాన రాగానే మనదే ముందు మొలుస్తుంది. వాన వస్తుందని గట్టిగా తెలిస్తే చాలు. గట్టిగా చెప్పేది ఊళ్లో ఒకటే ఉంది. నల్లగా, రచ్చకట్ట మీద.

ఒకరోజు మధ్యాహ్నం మంచి ఎండలో ఒక కాకి బెలూన్‌ను పొడిచి చించింది. పిల్లలు వచ్చి చెప్పారు. ఎప్పుడూ నేను బెలూన్ మార్చేది పొద్దున, చల్లగా ఉన్నప్పుడు. ఆ రోజు ఊరివాళ్లు కంగారు పడుతున్నారని అప్పుడే వెళ్లి, కాలిపోతున్న క్యానుకు కొత్త బెలూన్ తొడిగి బిగించి వచ్చాను. అప్పటికే లోపలి గాలి ఉబ్బి కొంత బయటికి పోయింది. మిగిలిన పలచటి గాలిని లోపల పెట్టి మూశాను. సాయంత్రానికి అది చల్లబడి ముడుచుకుంటే ఏమవుతుందో ఏడో తరగతి పిల్లలైనా చెబుతారు.

బడి వదిలి వచ్చేసరికి రచ్చకట్ట దగ్గర జనం. బెలూన్ వాలలేదు. క్యాను మూతిలోంచి లోపలికి పోయి తలకిందులుగా ఉబ్బి ఉంది. క్యాను పక్కలు కూడా లోపలికి లాక్కుపోయాయి. అలా ఎప్పుడూ జరగలేదు.

"చూడు సామీ, మింగేసినాది! ఇంతలేసి వాన వస్తాదన్నమాట!"

"వాన కాదప్పా, తుపానే!"

ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఒక్కరైనా తలెత్తితే కనిపించేది. నాకైతే తలెత్తకుండానే తెలుసు, అది కాకి పని, నా పని. "మధ్యాహ్నం బెలూన్ మార్చినాను, అందుకే" అనే నాలుగు మాటలు అంటే అయిపోయేది. కుర్చీ వేశారు. కూర్చున్నాను.

బండి తీయబోతుంటే అక్క ఒక్కతే ఎదురొచ్చింది.

"ఏమిరా, మీ బావ రేపే ఇత్తుదామంటాన్నాడు. ట్రాక్టర్‌కు కూడా చెప్పినాడు. నువ్వు చదువుకున్నోనివి. ఆ క్యాను చెప్పేది నిజమేనా?"

ఇక్కడ నేను అబద్ధం చెప్పలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి. అబద్ధం చెప్పినవాణ్ణి ఎవరైనా పట్టుకోవచ్చు.

"క్యాను అయితే అట్లే చూపిస్తాంది కదక్కా" అన్నాను.

అక్క "సరే, నువ్వే అంటే ఇంకేముండాది" అని గుడ్డ చుట్టిన వేలితో కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

మర్నాడు మొదటి పీరియడ్‌లో ఒక అమ్మాయి లేచి, "సార్, మా నాయన కూడా ఎల్లుండి ఇత్తుతాడంట సార్. మీ అక్కోళ్లు అప్పుడే చేనికాడికి పోయినారు" అంది. గోడ మీద పిల్లలు ఎంతో ఇష్టంగా వేసి తగిలించిన ప్రయోగం బొమ్మ కనిపించింది. సీసా, రెండు గిన్నెలు, పక్కన నా పేరు. ఫోటోలు పంపే పని పక్క మాస్టారుకు అప్పజెప్పి, రచ్చకట్ట మీది క్యాను తీసుకుని బండికి కట్టుకున్నాను. ఇద్దరు ముగ్గురు "సామీ, యాడికి తీసకపోతాండావు?" అని వెంటపడ్డారు. ఆగలేదు.

వెళ్లేసరికి సగం చేను అయిపోయింది. ట్రాక్టర్ వెనక విత్తే గొర్రు, గొర్రు వెనక దుమ్ము. ట్రాక్టర్ సాయిబన్నది, ఊళ్లో అందరికీ దున్నిపెట్టేది ఆయనే. నన్ను చూసి బండి నిదానం చేసి, "ఏం సార్, దేవున్ని బండి మీద ఊరేగిస్తాండారే!" అన్నాడు.

"ఆపన్నా! బావా, ఆపమను! ఈ క్యానులో వాన లేదు."

బావ గట్టు మీంచి లేచాడు. "నిన్న ఉండె, ఈ పొద్దు లేదా? రాత్రికి రాత్రే యాడికి పోయిందప్పా?"

"ఎప్పుడూ లేదు బావా. ఇందులో ఉండేది గాలి."

"అది మాకూ తెలుసు. ఆ గాలే కదా చెప్పేది!"

మాటలతో పని కాదని అర్థమైంది. క్యానును ఎండలో గట్టు మీద పెట్టాను. లోపలికి పోయిన బెలూన్ ఎండకు మెల్లగా బయటికి వచ్చింది. సాయిబన్న కూడా ఇంజను ఆపి దిగాడు. ఆయన తువ్వాలు అడిగి, తాగే నీళ్లలో తడిపి బావ చేతికిచ్చాను.

"నువ్వే చుట్టు బావా."

బావ చుట్టాడు. గాలి బాగా వీస్తోంది. తువ్వాలు చల్లబడుతుంటే బెలూన్ ముడుచుకుంది, ముడుచుకుని, నిన్నటిలాగే మూతిలోంచి లోపలికి దూరింది.

"వాన వచ్చింది" అన్నాను. "తువ్వాలు తీసెయ్. పోయింది. మళ్లీ చుట్టు. మళ్లీ వచ్చింది."

బావ నా మాట నమ్మినట్టు లేదు. తన చేతులను నమ్మాడు. మళ్లీ తీశాడు, మళ్లీ చుట్టాడు. తలెత్తి ఆకాశం కూడా చూశాడు. ఆ ఊళ్లో చాలా రోజుల తర్వాత ఆకాశం చూసిన మొదటి మనిషి ఆయనే అనుకుంటాను.

"ఆపేయన్నా" అన్నాడు సాయిబన్నతో. తర్వాత నాతో, "నిన్న సాయంత్రమే చెప్పింటే?" అన్నాడు.

"అందరూ ఉన్నారు బావా..."

"మీ యక్క ఒక్కతే కదప్పా అడిగింది."

చేను అవతలి గట్టున విత్తనం గంప దగ్గర అక్క నిలబడి ఉంది. మిగిలిన గింజల మీద చెంగు కప్పి, మా వైపు చూస్తోంది. దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. కాకి సంగతి కూడా చెప్పాను. ఆమె విని, "గమ్మునుండి సగం తినేస్తివి" అంది. అంతే.

దీని తర్వాత జరిగింది విన్నవాళ్లు నేను కల్పించానంటారు. మూడు నాలుగు రోజులకే జల్లు పడింది. దుమ్ములో విత్తిన గింజ మొలవడానికి సరిపోయినంత, బతకడానికి చాలనంత. అక్కవాళ్లు విత్తిన సగం చేను పచ్చగా మొలిచింది. ఇక చూడాలి ఊరిని. "క్యాను చెప్పినట్టే వాన వచ్చె, అడ్డం పోయి ఆపించినాడు ఈ మనిషి!" అని నా బండి వెనక అరిచారు. రచ్చకట్ట దగ్గర అందరి ముందూ మళ్లీ ప్రయోగం చేసి చూపిస్తే, "సార్ చెయ్యి పెట్టి క్యాను శక్తి పోగొట్టినాడు" అన్నారు. టీ మళ్లీ గ్లాసులోకి వచ్చింది. అదైనా కొన్నాళ్లే, తర్వాత గ్లాసు కూడా లేదు. అధికారి నుంచి మాత్రం మెచ్చుకోలు పత్రం వచ్చింది, అందులో "వర్ష సూచిక" అని గ్రాంథికంగా రాసి ఉంది.

జల్లు తర్వాత వాన లేదు. మొలకలు ఎండకు వాడి, నేలకు అతుక్కుపోయాయి. అప్పుడు ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదు. క్యాను గెలిచిన సంగతి గుర్తుపెట్టుకున్నారు, మొలకలు పోయిన సంగతి రోజూ జరిగేదే కాబట్టి మరిచిపోయారు. కథ అలా మిగిలింది. అది తప్పు. జల్లు పడటానికీ క్యానుకూ ఏ సంబంధమూ లేదు. అక్క విత్తనంలో సగం పోవడానికి మాత్రం నాకు సంబంధం ఉంది.

అసలు వాన బాగా ఆలస్యంగా వచ్చింది. అక్క మిగిలిన సగం విత్తింది. గింజ సత్తువ తగ్గిపోయి మొలక పలచగా వచ్చింది. పంట అని గట్టిగా చెప్పలేం గానీ, తర్వాతి ఏటికి విత్తనం మిగిలింది. కాయలు ఎండబెట్టిన రోజు నేను తలవంచుకుని గుమ్మంలో నిలబడితే, అక్క చూసి, "వచ్చే ఏడు ఒలిచేటప్పుడు వచ్చి కూర్చో. ఆ డబ్బా మాత్రం తేవద్దు" అంది.

అప్పటి నుంచి ఏటా వెళుతున్నాను. ఆదివారాలూ సెలవులూ ఆడవాళ్ల మధ్య కూర్చుని ఒలుస్తాను. మొదటి ఏడు నా బొటనవేలు రెండో రోజుకే పగిలితే అందరూ తెగ నవ్వారు. ఇప్పుడు కాస్త గట్టిపడింది. బడిలో ఆ ప్రయోగం ఇంకా చేయిస్తాను. చిన్న సీసాతోనే, పేరేమీ తగిలించకుండా.

మొన్న ఒలుస్తుంటే పక్కింటామె కొంటెగా, "ఏం సార్, ఈ ఏడు వానెప్పుడు?" అని అడిగింది. అందరూ చేతులు ఆపి నా వైపు చూశారు.

"తెలీదమ్మా" అన్నాను.

అక్క తన ముందున్న కుప్పలోంచి చేటెడు కాయలు నా వైపు తోసింది.